నాలుగు ఆఫీసులు, ఒక్క బిడ్డ

ముందు ఒక చిన్న లెక్క చూడండి. పన్నెండేళ్ల పిల్లాడికి ఎడమ కాలు సరిగా ఎదగలేదనుకుందాం. ఎముకల డాక్టరు చూసి 35 శాతం వైకల్యం అని రాశారు. అదే పిల్లాడికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగానే ఉంది. కంటి డాక్టరు దానికి 30 శాతం వేస్తారు. పింఛనుకైనా, మరే రాయితీకైనా కనీసం 40 శాతం ఉండాలి. 35 చాలదు, 30 అసలే చాలదు. కాబట్టి కుంటుతూ, ఒంటి కన్నుతో అడవి దారిన బడికి వెళ్లే ఆ పిల్లాడు సర్కారు లెక్కలో దివ్యాంగుడు కాడు.

నిజానికి ఆ లెక్క తప్పు. ఒకటికి మించి వైకల్యాలు ఉన్నప్పుడు వాటిని ఎలా కలపాలో కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. పెద్ద అంకెను అలాగే ఉంచాలి. 90లోంచి దాన్ని తీసివేయగా మిగిలినదానితో చిన్న అంకెను గుణించి, 90తో భాగించి, వచ్చినది పెద్ద అంకెకు కలపాలి. మన పిల్లాడి విషయంలో 35కు 18 కలిసి 53 అవుతుంది. అంటే అర్హుడే. మరి కలిపేదెవరు? ఎముకల వాళ్లకు ఒక రోజు, కంటికి ఒక రోజు, చెవికి మరో రోజు అని శిబిరాలు పెడితే ఏ డాక్టరు ముందున్న అంకె ఆ డాక్టరే రాస్తారు. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ '40 లేదు, వెళ్లండి' అని తిప్పి పంపిన మనిషి ఉంటే, ఆ మనిషికి రెండో లోపం కూడా ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే రెండూ కలిపి మదింపు చేయాలని రాతపూర్వకంగా అడగండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి రెండూ లేకపోవడంతో సహా బహుళ వైకల్యం అందులో ఒకటి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులుంటే, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లు 21 లక్షలు. చిన్న సంఖ్య కాదు. కాకపోతే వీళ్లు రోడ్డెక్కి అడగలేరు. చాలామంది మంచం మీదో, అమ్మ చంకనో ఉంటారు.

చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో ఇలాంటి బిడ్డ ఎలా తయారవుతుందో తెలుసుకోవడం మీకూ అవసరమే. కాన్పు కష్టమై బిడ్డ పుట్టగానే ఏడవకపోతే మెదడుకు ప్రాణవాయువు అందదు. పచ్చకామెర్లు ముదిరినా మెదడు దెబ్బతింటుంది. మెదడుకెక్కిన మలేరియా నుంచి బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరికి మూర్ఛ, మాట, నడక సమస్యలు మిగిలిపోతాయి. గర్భిణికి మొదటి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ చెవి, కన్ను, గుండె మూడూ దెబ్బతినవచ్చు. తొమ్మిది నెలలు నిండగానే వేసే తట్టు-రుబెల్లా టీకాను ఆషామాషీగా తీసుకోవద్దని చెప్పేది ఇందుకే. మెదడు దెబ్బకు ఒకే ఫలితం ఉండదు. కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి, ఫిట్స్ వస్తాయి, చూపు మందగిస్తుంది, మింగడం కష్టమవుతుంది. బిడ్డ ఒక్కటే అయినా వైద్యులు నలుగురు కావాలి.

ఇక ఆఫీసులు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షించాల్సింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే వైద్య ఆరోగ్య శాఖ. తిండి, తొలి ఎదుగుదల అంగన్‌వాడీది. బడి ఈడు వస్తే సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రం, బడికి రాలేని పిల్లల ఇంటికి వెళ్లి చెప్పే రిసోర్స్ పర్సన్. సర్టిఫికెట్ ఇచ్చేది మెడికల్ బోర్డు. ఉపకరణాలు జిల్లా సంక్షేమ అధికారి ద్వారానో, అలింకో శిబిరంలోనో వస్తాయి. పింఛను గ్రామీణాభివృద్ధి వాళ్లది. గిరిజన కుటుంబమైతే వీటన్నిటి మీదా భద్రాచలం ఐటీడీఏ ఉంది. ఒక్కొక్కటీ దేనికదే మంచి పథకమే. అయితే ప్రతి చోటా ఒక ఫైలు, ప్రతి ఫైలుకూ అవే జిరాక్సులు. ఆరోగ్య బృందం రాసిన కాగితం భవిత టీచరుకు చేరదు. టీచరు గమనించిన ఫిట్స్ డాక్టరుకు తెలియవు. ఈ కాగితాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసేది అమ్మ. ఆమె ఒక రోజు భద్రాచలం వెళ్లిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఖమ్మం దాకా వెళ్లాలంటే భద్రాచలం నుంచే 120 కిలోమీటర్లు. మహాలక్ష్మి బస్సులో ఆమెకు టికెట్ లేదు, నిజమే. బస్సు ఆగే చోటికి పదేళ్ల బిడ్డను ఎత్తుకుని నడవడానికి మాత్రం ఏ పథకమూ లేదు.

భాష సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లను తెలుగులో ప్రశ్నలడిగి, జవాబు రాకపోతే బుద్ధిమాంద్యం అని రాయడం ఎంత సులువో ఆలోచించండి. వినికిడి లోపం ఉన్న పిల్లయితే మరీ సులువు. పరీక్ష గదిలో కోయ తెలిసిన ఆశా కార్యకర్తను కూర్చోబెట్టడానికి కొత్త జీవో అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి రిజర్వ్ ఫారెస్టులో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ కుటుంబాలకైతే కాగితాలు పుట్టడమే కష్టం. ఆధార్ లేనిదే యూడీఐడీ కార్డు లేదు, కార్డు లేనిదే మిగతావేవీ లేవు.

ఆపైన సరిహద్దు. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఎటపాక నుంచి రామాలయానికి నడిచి రావచ్చు. కానీ రెండూ రెండు రాష్ట్రాలు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. అవతల 2024 జూలై నుంచి 6,000. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. ఎవరు ఎక్కువిస్తున్నారన్న వాదన రాజకీయ నాయకులకు వదిలేద్దాం. మన ప్రశ్న వైద్యానికి సంబంధించినది. చింతూరు వైపు నుంచీ, కొంట వైపు నుంచీ రోగులు వచ్చేది భద్రాచలం ఏరియా ఆసుపత్రికే. అక్కడ మొదలైన ఫిజియోథెరపీని సొంత మండలంలో కొనసాగించమని ఆ రాష్ట్ర సిబ్బందికి చెప్పే ఏర్పాటు ఉండాలి కదా?

చేయలేని పనేమీ కాదిది. ఉమ్మడి రాష్ట్రంలో సెర్ప్ ఆధ్వర్యంలో మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, దగ్గర్లోని కేంద్రంలో పిల్లలకు వ్యాయామాలు చేయించారు. ఆ అనుభవం ఉన్నవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. నేటి అవసరం కూడా అదే తీరుది. నెలకు ఒక రోజు ఎముకలు, కన్ను, చెవి, మానసిక వైద్యులు నలుగురూ ఒకే కప్పు కింద కూర్చోవాలి. భవిత టీచరు, పింఛను గుమస్తా పక్క బల్ల దగ్గర ఉండాలి. బిడ్డకు ఒకే ఫైలు ఉండాలి, దానికి పేరున్న ఒక బాధ్యుడు ఉండాలి. ఆ బాధ్యుణ్ని నియమించే అధికారం కలెక్టరుకూ, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికీ ఉంది. కొత్తగూడెంలోనూ, ఖమ్మంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి నిపుణులు లేరన్న మాట ఇక చెల్లదు.

పద్దెనిమిదేళ్లు నిండాక ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బాల స్వాస్థ్య బృందం రావడం మానేస్తుంది, బడి అయిపోతుంది. అమ్మకు యాభై దాటుతాయి, బిడ్డ బరువు పెరుగుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించేది కలెక్టరు ఉండే స్థానిక కమిటీయే. అదే ట్రస్ట్ నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు, థెరపీతో సహా వస్తుంది. అర్హులైన కుటుంబాల్లో ఎన్నింటికి ఈ పేరు తెలుసో ఒకసారి మీ ఊళ్లో అడిగి చూడండి.

కార్డు వచ్చే లోపు ఇంట్లో ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ఆరు నెలలు దగ్గరపడుతున్నా మెడ నిలబడకపోయినా, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా 'మెల్లగా వస్తాయిలే' అనుకోవద్దు, ఆశా కార్యకర్తకు చెప్పండి. మింగడం కష్టమైన బిడ్డకు పడుకోబెట్టి పాలు, గంజి పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. వీపు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, కాస్త చిక్కగా, చిన్న చెంచాతో పెట్టండి. ఫిట్స్ తగ్గాయని మాత్రలు మీ అంతట మీరే ఆపవద్దు.

చివరిగా గోదావరి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కదలలేని మనిషిని ఎత్తుకుని పడవెక్కించాలంటే ఇద్దరు కావాలి, మందుల సంచి కావాలి, ఆ ఇల్లు ఎక్కడుందో ముందే తెలియాలి. చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం జిల్లాలోని దివ్యాంగుల వివరాలు విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండి తీరాలి. మీరు కరకట్ట పక్కనో, వాగు అవతలో ఉంటే వానలు పడకముందే తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి, ఆ జాబితాలో మీవాళ్ల పేరుందో లేదో చూసుకోండి.