తల్లిపాల ఉపన్యాసములును తల్లుల లోదుస్తులును

ప్రతి సంవత్సరమును ఆగస్టు మాసపు మొదటి వారమున మన పట్టణములలో సభలు జరుగును. 1992 మొదలుకొని తల్లిపాల వారోత్సవమను పేర దేశదేశములందు జరుగుచున్న వేడుకలలో ఇవియు నొక భాగము. వేదికపై తరచుగ పురుషులు కూర్చుందురు. ఎదుట గర్భిణులును బాలింతలును కూర్చుందురు. బిడ్డ పుట్టిన గంటలోపల పాలు పట్టవలయుననియు, ఆరు మాసములు మంచినీరైనను ఇయ్యక తల్లిపాలే ఇయ్యవలయుననియు, పిమ్మట ఇతరాహారముతోగూడ రెండేండ్లును ఆపైనిని కొనసాగింపవలయుననియు వక్తలు చెప్పుదురు. ఈ మాటలలో అసత్యమేమియు లేదు. ప్రపంచారోగ్య సంస్థయు యూనిసెఫును చెప్పునవే. అయితే ఆ తల్లి ఏ వస్త్రము ధరించి, దానికెంత సొమ్ము వెచ్చించి ఈ రెండేండ్ల వ్రతమును నెరవేర్చవలయునో చెప్పిన వక్తను మేమింతవరకు వినలేదు.

కావున ఆ ఒక్క వస్తువును గూర్చియే వ్రాయదలచితిమి. అది పాలిచ్చు తల్లులు ధరించు బ్రా. అందును భారీ దేహము గల తల్లులకు తగిన కొలతలో, తగిన వెలకు అది దొరకకపోవుటయే మా ఫిర్యాదు. పురుషుడు, అందును బడిపంతులు, ఇట్టి మాటను మాసపత్రికలో నెత్తుట తగునా యని ఆక్షేపించువారుందురు. మేము 'కూర్పాసకము' అని వ్రాసియుండినచో వారే అమరకోశమును స్మరించి తల యూచెడివారు. బజారులో స్త్రీలు వాడు మాటను వ్రాసితిమి గనుక ముఖము త్రిప్పుకొందురు. వారి సంతృప్తికై ఇంకొక ముక్క: ఫ్రెంచి భాషలో 'బ్రాసియేర్' అనగా పసిబిడ్డకు తొడుగు చిన్న చొక్కా. ఇక శాస్త్రము కావలెనందురా, చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున దాదిని ఎన్నుకొను విధము చెప్పుచు స్తనముల ఆకృతిని, చనుమొనలను సయితము నిస్సంకోచముగ వర్ణించినది. అవి అతిస్థూలములు కారాదని అందున్నది; ఈ ఒక్క విషయమున మేము చరకునితో ఏకీభవింపజాలము. పాలనిచ్చునవి గ్రంథులే గాని క్రొవ్వు కాదనియు, పరిమాణమునుబట్టి పాల సమృద్ధిని నిర్ణయింపరాదనియు నేటి వైద్యము చెప్పుచున్నది. భారీ దేహము గల తల్లి అందరివలెనే పాలియ్యగలదు. ఆమెకు అడ్డు తగులునది దుకాణము.

ఆ దుకాణమున జరుగునదేమో చూతము. బ్రా కొలతలో ఒక అంకెయు నొక అక్షరమును గలవు. రొమ్ముల క్రింద ప్రక్కటెముకల చుట్టుకొలత అంకెను నిర్ణయించును. వక్షస్థలము మిక్కిలి నిండుగ నున్నచోటి చుట్టుకొలతకును దానికిని గల భేదము అక్షరమును, అనగా కప్పు లోతును, నిర్ణయించును. భేదము ఒక అంగుళమైనచో ఎ, రెండైనచో బి, మూడైనచో సి, నాలుగైనచో డి. ఆపైని కంపెనీ కొక లెక్క. అయిదంగుళముల భేదమును ఒకరు డీడీ యందురు, మరియొకరు ఇ యందురు. మన బజారులో ఈ అక్షరమును అడుగు వర్తకుడు అరుదు. "ఎంత సైజమ్మా?" యని అంకె మాత్రమే అడుగును. క్రింది కొలత 38 అంగుళములును పైకొలత 44 అంగుళములును గల బాలింత 38 అడిగినచో ఆయన తీసి యిచ్చునది బి కప్పు, అది చాలదు. చాలదనగానే 42 తీయును, అదియు చాలకున్న 44 తీయును. అంకె పెరిగినకొలది చుట్టుపట్టీ వదులై వీపున పైకి ప్రాకును. భారమును మోయవలసినది ఆ చుట్టుపట్టీయే. అది వదలివేసిన భారము భుజములపై బడి, సన్నని పట్టీలు చర్మమును ఒరసి గాటులు చేయును. ఆ స్త్రీ తన దేహమే వికారమైనదని తలంచుచు ఇంటికి వచ్చును. వర్తకుడు అడుగని ఒక్క అక్షరము ఇంత పని చేయును.

బాలింత విషయమున ఈ తప్పు మరింత కీడు చేయును. ప్రసవమైన రెండు మొదలు అయిదు దినములలో పాలు పడును. రొమ్ములు నిండి గట్టిపడి కొలత మారును. కుదుటబడుటకు కొన్ని వారములు పట్టును. బిగుతైన గుడ్డగాని, కప్పు క్రింద కుట్టిన తీగగాని ఒకేచోట నొక్కుచుండినచో పాలు నిలిచి గడ్డకట్టవచ్చుననియు, అది ముదిరిన వాపును జ్వరమును వచ్చుననియు వైద్యులు హెచ్చరింతురు. ఇక పాలిచ్చు వేళ సంగతి. ఒక చేత బిడ్డ తలను, రెండవ చేత బరువైన రొమ్మును పట్టుకొనవలసిన తల్లికి గుడ్డ విప్పుటకు మూడవ చేయి లేదు. అందుకే పాలిచ్చు బ్రాలో కప్పు పైయంచున వ్రేలితో విప్పదగిన కొక్కెముండును. కప్పు దిగినను చుట్టుపట్టీయు భుజపు పట్టీయు తమ స్థానముననే యుండి భారమును మోయుచుండును. దీనిని విలాసవస్తువనువారు రైతు నాగలిని గూడ విలాసవస్తువనవలయును.

మా యెరుకలోని యొక ఉపాధ్యాయిని ఎనిమిదవ మాసమున విజయవాడ బీసెంటు రోడ్డున నాలుగు దుకాణములు తిరిగెను. రెండింట పాలిచ్చు బ్రాలే లేవు. మూడవచోట 36 దాటి లేవు. నాలుగవచోటి యువకుడు "అంత పెద్దవి రావమ్మా" యని పదిమంది వినునట్లు చెప్పెను. తుదకు ఫోనులో వెదకి తెప్పించుకొన్నది ఒక్కొక్కటి పదమూడు వందల రూపాయలు. పాలు చెమ్మగిల్లు దినములలో ఒకటి ఒంటిమీదను, ఒకటి తడుపులోను, ఒకటి దండెముమీదను ఉండవలసినదే. మూడింటికి దాదాపు నాలుగు వేలు. తొలి కాన్పునకు మాతృవందన యోజన క్రింద కేంద్ర ప్రభుత్వమిచ్చుచు వచ్చినది అయిదు వేలు. ఆమె జీతము గలది గనుక కొనగలిగెను. మిరపచేలకు కూలికి పోవు బాలింత ఏమి చేయవలయును? చిరిగిన పాతదానిని పిన్నీసుతో బిగించుకొనుచున్నది.

వర్తకుల వాదమును మేము త్రోసిపుచ్చము. అయిదు అంకెలును ఆరు అక్షరములును గలిసిన ముప్పది రకములగును. అన్నింటిని నిలువయుంచుటకు చిన్న కొట్టువానికి పెట్టుబడి చాలదు. పెద్ద కప్పునకు గుడ్డ మాత్రమే చాలదు, అదనపు ముక్కలును, వెడల్పు పట్టీలును, మూడు నాలుగు వరుసల హుక్కులును కావలెను. పావువంతు వెల హెచ్చినచో మేము కాదనము. మూడింతలు హెచ్చుటకు ఏ గుడ్డయు కారణము కాజాలదు. గిరాకి లేదందురు. ఒక్కమారు అడిగి పదిమందిలో చిన్నబుచ్చుకొన్న స్త్రీ రెండవమారు అడుగదు. ఆమె మౌనమును వర్తకుడు గిరాకి లేమిగా తన లెక్కలో వ్రాసికొనును. ఆమెకు బదులు భర్త పోయినచో మరింత విడ్డూరము. గుమ్మము బయట నిలిచి "ఏదో పెద్దది ఒకటి ఇవ్వండి" యని, నల్ల సంచిలో చుట్టించుకొని, దొంగసొత్తువలె తెచ్చును. భార్య చెప్పుల కొలత తెలిసినవానికి ఈ కొలత తెలిసికొనుట ఏమి నామోషీ?

మా అమ్మమ్మలు ఏ బ్రాలు తొడిగి పదిమందిని పెంచిరని వృద్ధులడుగుదురు. వారు ముందు ముడివైచు రవిక తొడిగిరి. ముడి ఒక్క చేత విడును, పమిట తెరయగును, చుట్టునున్నవారు ఇంటి ఆడువారే. నేటి తల్లి బస్సెక్కి పోవుచున్నది, పాఠము చెప్పుచున్నది, వీపున జిప్పుగల దుస్తు తొడుగుచున్నది. ఉడుపును మారెను, చోటును మారెను. ఉపదేశము మాత్రము మారలేదు. పైగా ఆ అమ్మమ్మల నడుము నొప్పులను ఎవరైన వ్రాసి యుంచిరా? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 41.8, ఆరు మాసముల లోపు శిశువులలో కేవలము తల్లిపాలపై నున్నవారు నూటికి 63.7. ఈ లోటునంతయు ఒక గుడ్డముక్కపై మోపుట మా యుద్దేశము కాదు. శస్త్రచికిత్సలు, కూలిపనులు, ఇంట పలువురి సలహాలు, ఇంకను పెక్కు కారణములు గలవు. కాని వానిలో ఇది మిక్కిలి తక్కువ ఖర్చుతో తీరునది.

పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధించుచు 1992లోనే చట్టము చేసికొంటిమి, మంచిదే. అయినను పాలసీసా ఏ మందుల దుకాణముననైనను దొరకును. దానికి అంకెయు అక్షరమును లేవు. సన్నని తల్లికిని భారీ తల్లికిని అదే సీసా. విసిగిన తల్లి దేనివైపు చేయి చాచును? 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన కేసీఆర్ కిట్టులో సబ్బులు, నూనె, దోమతెర, బిడ్డ బట్టలు, తల్లికి చీరలు ఉండెను. చీరవరకు వచ్చిన ఆలోచన దాని లోపలికి పోలేదు. మన యిండ్లును అట్లే యున్నవి. సీమంతమున రవికగుడ్డను పళ్ళెములో నుంచి, బొట్టు పెట్టి, అందరియెదుట ఇచ్చుట మంగళకరము. దాని క్రింద తొడుగు గుడ్డ ఇచ్చుట ఎట్లు అమంగళమైనదో మాకు బోధపడుట లేదు. ఆరు చీరలు పెట్టు పుట్టింటివారు ఒక చీర తగ్గించి రెండు మంచి బ్రాలు కొన్నచో కూతురు వానిని ప్రతిదినమును తలచుకొనును.

కొనువారు ఎనిమిదవ మాసమున కొలిపించుకొనవలయును. అప్పుడు ప్రక్కటెముకలు విచ్చుకొని యుండును గనుక చివరి వదులు హుక్కున సరిపోవునది తీసికొన్నచో ప్రసవానంతరము లోపలి హుక్కులకు బిగించుకొనవచ్చును. కప్పున కొంత చోటు మిగులవలయును, నూలుగుడ్డ మేలు, తీగ వలదు. మొదట రెండే చాలును, మిగిలినవి ఆరు వారములు గడచి కొలత కుదిరిన పిదప కొనుటయే పొదుపు. పాలిచ్చు బ్రాయే దొరకనిచోట, కొలత సరిపోయిన మామూలు నూలు బ్రాను దర్జీకిచ్చి, భుజపు పట్టీని కప్పునొద్ద కోయించి, అచట కొక్కెము పెట్టించి, పట్టీ కొనను చుట్టుపట్టీకి ఒక సన్నని నాడాతో కలిపించినచో అదే పని చేయును. గంటలోపు పని.

ఆ దర్జీలెక్కడనున్నారందురా, 2024లో తెలంగాణమున ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారములను కుట్టు పని మహిళా సంఘములకు అప్పగించిరి. పిల్లల కొలతలు తీసికొని వేలకొలది జతలు కుట్టిన ఆ చేతులకు ముప్పది రకముల కొలతలు కష్టము కావు. కుట్టు యంత్రములు ఉన్నవి, స్త్రీలు స్త్రీలనే కొలుతురు గనుక సిగ్గును లేదు. అంగన్‌వాడీకి వచ్చు గర్భిణి బరువును నమోదుచేయు కార్యకర్త ఎనిమిదవ మాసమున రెండు చుట్టుకొలతలను గూడ ఆ కార్డుమీదనే వ్రాసి మండల సంఘమునకు పంపినచో, కాన్పు నాటికి ఆమె కొలతకు కుట్టిన జత కిట్టులో చేరియుండును. అందుకు కావలసిన టేపు పది యిరువది రూపాయలకు దొరకును. వచ్చు ఆగస్టు సభలలో పూలదండల బదులు ఆ టేపులను పంచుడని వక్తలను కోరుచున్నాము.