తాపీ ఎవరి చేతిది?

మన సంఘములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది: "ఆడపిల్లకు లేతు మిషను పని ఏల? వెల్డింగు ఏల? దేహబలము చాలదు, మర్యాదయు కాదు." ఈ మాట పలుకువారు భక్తిహీనులు కారు, సంఘ పెద్దలే. కావుననే దీనిని ఊరక విడువరాదు.

దేహబలము చాలదందురా? మీ ఊరిలో ఇల్లు కట్టుచోట ఒక గంట నిలిచి చూడుడి. ఇసుక తట్ట ఎవరి తలమీద ఉన్నది? తడి కాంక్రీటును మెట్లమీదుగా పైకి మోయుచున్నది ఎవరు? చంటిబిడ్డను చెట్టుకొమ్మ ఉయ్యాలలో విడిచి వచ్చిన తల్లియే. అక్కడ ఆమె బలమును ఎవరును సందేహింపరు. తాపీ పట్టుదునని ఆమె అడిగినప్పుడే మనకు ఆమె బలహీనత జ్ఞాపకమునకు వచ్చును! తాపీ తట్టకంటె బరువైనదా? కాదు, దాని కూలి బరువైనది. మగవాడు తట్టతో మొదలుపెట్టి కొన్నియేండ్లకు మేస్త్రీ యగును. ఆమె ఇరువదియేండ్లు మోసినను తట్టయొద్దనే ఉండును.

సమానమైన పనికి సమాన వేతనమని 1976లో చట్టము చేయబడెను. 2019 నాటి వేతనాల కోడు కూడ అదే చెప్పుచున్నది. అయితే సమానమైన పనిని ఆమె చేతికి ఇయ్యనే ఇయ్యని యెడల చట్టమేమి చేయును? పుస్తకములు చూచు అధికారికి తప్పు కనబడదు.

బుద్ధి చాలదందురా? మన తెలుగింటి బిడ్డ అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదవ యేట విధవరాలై, పసిబిడ్డతో మిగిలెను. ఆమె 1943లో మద్రాసు గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరు పట్టము పొంది, తరువాత భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో పాలుపొందెను. ఆమె కొరకు ఆ కళాశాల తలుపు తట్టినది ఆమె తండ్రియే. తండ్రులారా, వినుచున్నారా?

యెరూషలేము గోడ కట్టినవారి పట్టీ నెహెమ్యా 3వ అధ్యాయములో నున్నది. అందు షల్లూము అను అధిపతి కుమార్తెలును తండ్రితోకూడ గోడ బాగుచేసినట్లు వ్రాయబడియున్నది. (పేర్లు పలుకుట కష్టమని మన బోధకులు ఆ అధ్యాయమును దాటిపోవుదురు.)

ఇక మర్యాద సంగతి. కార్ఖానాలో మరుగుదొడ్డి లేదు, తోటి పనివారి నోళ్లు మంచివి కావు, రాత్రి ఇల్లు చేరుటకు బండి లేదు. నిజమే. పదిమందియైనను పని చేయుచోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు కమిటీ ఉండవలెనని 2013 చట్టము చెప్పుచున్నది. అది లేనిచోట యజమానుని నిలదీయుడి. అతని తప్పునకు పిల్లను ఇంట కూర్చుండబెట్టుట ఏ న్యాయము?

ఐ.టి.ఐ.లో వెల్డరు పని ఒక యేడు, ఫిట్టరు పని రెండేండ్లు. పదవ తరగతి ముగియగానే కుమారునికి ఆ దరఖాస్తు తెచ్చితిరి, కుమార్తెకు కుట్టుమిషను కొనితిరి. కుట్టుపని తక్కువదని నేననను. ఆమెను అడిగితిరా?

మీ ఊరిలో మందిరము కట్టబడుచున్న యెడల, ఈ వారమే కూలిపట్టీ తెప్పించుడి. స్త్రీ పేరు ఎదుట ఎంత వ్రాసిరో, పురుషుని పేరు ఎదుట ఎంత వ్రాసిరో చూచి, ఆ రెండంకెలను పెద్దల కూటములో బిగ్గరగా చదువుడి.