విరాట్ పోయింది, విక్రమాదిత్య సంగతేమిటి?

2017 ఫిబ్రవరి 17న ‘ఘాజీ’ సినిమా వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి వచ్చి, 1971 డిసెంబర్‌లో విశాఖ తీరం దగ్గరే సముద్రం పాలైన పాకిస్తాన్ జలాంతర్గామి కథ అది. మా ఊరు మర్రిగూడ కుర్రాళ్లు పట్నం పోయి మరీ చూసొచ్చారు. సముద్రాన్ని ఒక్కసారైనా చూడని పిల్లలు సోనార్ అంటే ఏమిటి, టార్పెడో అంటే ఏమిటి అని అడగడం నేను విన్నాను. ఆ సినిమా వచ్చిన 17 రోజులకు, మార్చి 6న, ముంబయి నౌకాదళ డాక్‌యార్డులో పొద్దుగూకే వేళ మరో విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్ మీది జెండాను చివరిసారి దించారు. తెర మీది యుద్ధానికి ఈలలు వేసిన మనకు ఆ సాయంత్రం సంగతి పెద్దగా పట్టలేదు. నాలుగేళ్లు గడిచేసరికి ఆ నౌకను తూకానికి అమ్మేసి, ముక్కలుగా కోయడం మొదలుపెట్టారు.

విరాట్‌ను నిలబెట్టుకోలేకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమని చెబుతుంటారు. ఆ మాట సగమే నిజం. కొలువు చేస్తున్న నౌకకు చివరి రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసీ, ఆ రోజు ఏం చెయ్యాలో ముందు తేల్చుకోకపోవడం అసలు కారణం. విక్రాంత్ విషయంలో చేసిన తప్పే విరాట్ విషయంలోనూ చేశాం. ఇప్పుడు కొలువులో ఉన్న విమానవాహక నౌక విక్రమాదిత్య విషయంలో మూడోసారి చేయబోతున్నామన్నదే నా భయం.

విరాట్ మొదటి పేరు హెర్మీస్. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇంగ్లండ్‌లోని బారో ఓడల కార్ఖానాలో దాని నిర్మాణం మొదలైంది. యుద్ధం ముగిశాక పని నత్తనడక నడిచింది. 1953లో నీళ్లలోకి దింపారు. బ్రిటిష్ నౌకాదళంలో చేరేసరికి 1959 నవంబర్ వచ్చింది. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ దళాన్ని ముందుండి నడిపించింది ఈ నౌకే. ఆ తర్వాత వాళ్లు పక్కన పెట్టేస్తే మనం కొని, మరమ్మతులు చేయించి, 1987 మే 12న మన నౌకాదళంలో చేర్చుకున్నాం.

అంటే మన చేతికి వచ్చేసరికే దాని వయసు ఇరవై ఏడేళ్లు దాటింది. అంగడిలో పళ్లు చూసి ఎద్దును కొనే రైతు అయితే వద్దని తల ఊపేవాడు. అలాంటి నౌక మన దగ్గర ఇంకో ముప్పై ఏళ్లు కష్టపడింది. 1989లో శ్రీలంకలో మన శాంతి పరిరక్షక దళానికి అండగా వెళ్లింది. 1993లో ఇంజిన్ గదిలోకి నీళ్లు చేరి కొన్ని నెలలు మూలపడింది. మళ్లీ లేచింది. పార్లమెంటుపై దాడి తర్వాత దేశం సరిహద్దుల్లో సేనలను మోహరించినప్పుడూ సముద్రం మీదే కాపలా కాసింది. మొత్తం లెక్క చూస్తే మన జెండా కింద 2,252 రోజులు నడిసముద్రంలో గడిపింది. నడిచిన దూరం 10.94 లక్షల కిలోమీటర్లు, భూమిని 27 సార్లు చుట్టినంత. దాని డెక్కు మీది నుంచి విమానాలు, హెలికాప్టర్లు 22,622 గంటలు ఎగిరాయి. నిట్టనిలువుగా దిగగల సీ హారియర్లకు అదే ఇల్లు. ఆ హారియర్లు 2016 మేలో సెలవు తీసుకున్నాయి. ఆ జులైలో విరాట్ తన సొంత ఇంజిన్ల మీద ముంబయి నుంచి కొచ్చికి చివరి ప్రయాణం చేసింది. తిరిగి వచ్చేటప్పుడు టగ్గులు లాక్కొచ్చాయి.

అంతకు కొన్ని నెలల ముందే, 2016 ఫిబ్రవరిలో, విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సమీక్షించిన ఆ వరుసలో విరాట్, విక్రమాదిత్య రెండూ ఉన్నాయి. విరాట్‌ను తమకే ఇమ్మని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడిగింది. మ్యూజియంగా, హోటల్‌గా, పర్యాటక కేంద్రంగా మారుస్తామంది. ఖర్చులో కేంద్రమూ వాటా పెట్టాలని కోరింది. నౌకనైతే ఇస్తాం, రూపాయి మాత్రం పెట్టలేమన్నది రక్షణ శాఖ. తండ్రి మందుల ఖర్చు ఎవరు పెట్టాలని అన్నదమ్ములు పంచాయితీ పెట్టుకుంటే మంచం మీది మనిషి ఏమవుతాడో ఇక్కడా అదే అయింది. తర్వాత మహారాష్ట్ర వంతు వచ్చింది. 2018 నవంబర్‌లో సింధుదుర్గ్ తీరంలో రూ.852 కోట్ల ప్రాజెక్టుకు అక్కడి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదీ కాగితం దాటలేదు. ఆర్థికంగా తన కాళ్ల మీద తాను నిలబడే ప్రతిపాదన ఏ రాష్ట్రం నుంచీ రాలేదని, నౌకను తుక్కు కింద తీసేస్తున్నామని 2019 జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పేసింది. 2020లో వేలం జరిగింది. వచ్చిన ధర రూ.38.54 కోట్లు. ఆ సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేర్చారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పని ఆపమంది కానీ, ఏప్రిల్‌లో విచారణకు వచ్చేసరికి దాదాపు 40 శాతం నౌక కోసేసి ఉంది. ఇక చేసేదేం లేదని కోర్టు ఆ కేసు కొట్టేసింది.

ఇదే కాలంలో ఇదే విశాఖలో జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. నౌకాదళపు భారీ గస్తీ విమానం టీయూ-142 కూడా 2017 మార్చి నెలాఖరులోనే, విరాట్ తర్వాత మూడు వారాలకే, సర్వీసు ముగించుకుంది. ఏప్రిల్‌లో తానే ఎగిరి విశాఖలో దిగింది. డిసెంబర్‌కల్లా బీచ్ రోడ్డు మీద మ్యూజియమై జనానికి స్వాగతం పలికింది. ఆ రోడ్డు మీదే 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఉంది. సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టిన ఆ పనిని ఇంజినీర్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చేతకాని రాష్ట్రమనీ, మనసు లేని నౌకాదళమనీ అనడానికి వీల్లేదు. కురుసుర బరువు రెండు వేల టన్నుల లోపు. విరాట్ బరువు 28 వేల టన్నుల పైన. దాన్ని ఒడ్డుకు లాగలేం. నీళ్లలోనే ఉంచితే ఉప్పు దాన్ని రోజూ తింటూనే ఉంటుంది. ఈ తేడాను గుర్తించకుండా, కురుసురను తెచ్చినట్టే విరాట్‌నూ తెచ్చేస్తామనుకోవడం దగ్గరే మన లెక్క తప్పింది.

విక్రాంత్ ఆ పాఠం ముందే చెప్పింది. 1961లో చేరి, 1971 యుద్ధంలో చిట్టగాంగ్, కాక్స్‌బజార్ రేవుల మీద దాడులు చేసిన నౌక అది. 1997 జనవరి 31న సెలవు తీసుకుంది. కొన్నేళ్లు ముంబయిలో మ్యూజియంగా ఉంచారు. అడుగు తుప్పు పట్టి ప్రమాదకరంగా మారిందని 2012లో మూసేశారు. 2014లో రూ.60 కోట్లకు అమ్మేశారు. దాని లోహంలో కొంత బజాజ్ కంపెనీ కొని 2016లో ‘వి’ మోటార్ సైకిళ్లలో కలిపింది. మా సాగర్ రోడ్డు మీద కూడా ఆ బండ్లు తిరిగాయి. నౌకను చూడని మర్రిగూడ మనిషికి విక్రాంత్ ఆ రూపంలో చేరింది.

ఈ మాటలు మా ఊరి అరుగు మీద ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న నాకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయిన నేల మాది. పాత ఓడకు వందల కోట్లు పెడతారా, ఆ డబ్బు మాకు తాగునీటికి పెట్టరా అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దాన్ని దేశభక్తి మాటలతో నోరు మూయించడం తప్పు. రూ.852 కోట్లు పెట్టి ఒక ఇనుప పెట్టెను ఉప్పు నీళ్లలో కాపాడడం ఏ రాష్ట్రానికైనా మోయలేని బరువే. అందుకే నౌకనంతా ఉంచుకోవాలని నేను అడగను. నేను అడిగేది వేరు. నౌక మెదడు అనదగిన పై కట్టడం, విమానాలు ఎగరడానికి ముందు భాగంలో వంచి కట్టిన ర్యాంపు, హ్యాంగర్‌లో ఒక ముక్క, ఇంజిన్ గదిలో ఒక ముక్క కోసి తెచ్చి నేల మీద నిలబెడితే ఉప్పు బాధ లేదు, అలల బాధ లేదు. ఖర్చులో కొద్ది భాగమే అవుతుంది. మిగతాది ఎలాగూ కోసేదే. కోయడానికి ముందు ఏది దాచాలో గీత గీయడానికి కావలసింది కాస్త ముందుచూపు.

ప్రపంచం కూడా ఈ విషయంలో మనకు పెద్దగా దారి చూపలేదు. అమెరికా మాత్రం న్యూయార్క్‌లో ఇంట్రెపిడ్‌ను 1982 నుంచి, శాన్ డియేగోలో మిడ్‌వేను 2004 నుంచి నీళ్ల మీదే మ్యూజియాలుగా నడుపుతోంది. ఒరిస్కనీని 2006లో ఫ్లోరిడా తీరంలో ముంచి చేపలకు గూడు చేసింది. నౌకల దేశమని చెప్పుకునే బ్రిటన్ అయితే తన విమానవాహక నౌకల్లో ఒక్కదాన్ని కూడా దాచుకోలేదు. ఫ్రాన్స్ కట్టి బ్రెజిల్‌కు అమ్మిన సావో పాలో కథ ఇంకా ఘోరం. లోపల ఆస్‌బెస్టాస్ ఉందని ఏ రేవూ రానివ్వక సముద్రంలో తిరిగి తిరిగి, చివరికి 2023 ఫిబ్రవరిలో బ్రెజిల్ నౌకాదళమే అట్లాంటిక్‌లో ముంచేసింది.

ఆస్‌బెస్టాస్ మాట వచ్చింది కనుక అలంగ్ గురించి ఒక మాట. పాత నౌకల్లో గొట్టాల చుట్టూ, గోడల్లోపల, రంగుల్లో విషాలుంటాయి. వాటిని చేతులతో కోసేది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వలస వచ్చిన కూలీలు. పాలమూరు లేబర్ దేశమంతా ఆనకట్టలు కట్టిన చరిత్ర ఉన్న నేల మీద ఉండి ఆ కూలీల గురించి మాట్లాడకుండా ఉండలేను. నౌకలను సురక్షితంగా విప్పడానికి మనకు 2019లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం యుద్ధనౌకలకు వర్తించదని అందులోనే రాసి ఉంది. సరుకు ఓడ కూలీకి దొరికే చట్ట రక్షణ యుద్ధనౌక కూలీకి దొరక్కపోవడం అన్యాయం. ఆ మినహాయింపును పార్లమెంటు తొలగించాలి. దేశాన్ని కాపాడిన నౌక చివర్లో ఒక కూలీ ఊపిరితిత్తులను తినకూడదు.

ఇక విక్రమాదిత్య. 2013 నవంబర్‌లో మన నౌకాదళంలో చేరింది కనుక కొత్తదనుకుంటాం. సోవియట్ నౌకాదళంలో బాకు పేరుతో అది చేరింది 1987లో, సరిగ్గా విరాట్ మనకు వచ్చిన ఏడాదే. దాని నిర్మాణం మొదలైంది 1978లో. పెద్ద మార్పులతో మనకు వచ్చినా ఒళ్లు మాత్రం ఆనాటిదే. దాని అక్కల, అంటే అదే కోవలో ముందు కట్టిన నౌకల, గతి చూడండి. కీవ్ చైనాలోని తియాన్జిన్‌లో వినోద కేంద్రమైంది. మిన్స్క్ కూడా చైనాలోనే కొన్నేళ్లు అలాగే నడిచి, మూతపడి, 2024 ఆగస్టులో మంటల్లో కాలింది. నొవొరొసియస్క్‌ను కొరియాలో తుక్కు చేశారు. విక్రమాదిత్య బరువు 44 వేల టన్నుల పైన. దాని విరమణ రోజు ప్రకటించాక రాష్ట్రాలు లేఖలు రాయడం మొదలుపెడితే జరిగేది మనకు తెలుసు. మూడేళ్లు డాక్‌యార్డులో చోటు ఆక్రమించి, కాపలా ఖర్చు తిని, చివరికి వేలం.

కనుక తేల్చుకోవలసినవి ఇప్పుడే తేల్చుకోవాలి. ఏయే భాగాలు దాచాలో నౌకాదళం జాబితా రాయాలి. లోపల ఎక్కడెక్కడ విషపదార్థాలున్నాయో మరమ్మతులకు డాక్‌లోకి వచ్చినప్పుడే లెక్క తీయాలి. ఆ భాగాలు ఏ రాష్ట్రానికి, ఎవరి ఖర్చుతో అన్నది ముందే ఒప్పందం కావాలి. తుక్కు వేలంలో వచ్చే సొమ్ము ఖజానాలో కలిపేయకుండా, ఆ భాగాలను నిలబెట్టడానికే పెట్టాలి. విరాట్ వేలంలో వచ్చిన రూ.38.54 కోట్లతో ఒక పై కట్టడాన్ని విశాఖ బీచ్ రోడ్డు మీద నిలబెట్టడం అసాధ్యమేమీ కాదని నా నమ్మకం. విరాట్ మీది నుంచి ఎగిరిన సీ హారియర్ ఒకటి ఇవాళ ఆ బీచ్ రోడ్డు మీద ఉంది. అది దిగిన డెక్కు మాత్రం లేదు.

ఇందులో తెలంగాణకు పనేమిటని అనుకోవద్దు. వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళం జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. దానికోసం ఈ మెట్టనేల దాదాపు 2,900 ఎకరాల అడవిని ఇచ్చింది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో జాతికి అంకితమైన కొత్త విక్రాంత్ మన దేశంలో కట్టిన మొదటి విమానవాహక నౌక. దాని ఒంటికి వాడిన ప్రత్యేక ఉక్కును రూపొందించింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ. మర్రిగూడలో పొద్దున బస్సెక్కిన పిల్లవాడు మధ్యాహ్నానికి ముందే ఆ గేటు దాకా చేరగలడు.

సముద్రం ఉన్న ఆంధ్రప్రదేశ్, ఉక్కు సూత్రం ఇచ్చిన తెలంగాణ కలిసి విక్రమాదిత్య విషయమై రక్షణ శాఖకు ఈ ఏడాదే ఒక ఉమ్మడి లేఖ రాయాలని ఇద్దరు ముఖ్యమంత్రులనూ కోరుతున్నాను. నౌక ఇంకా కొలువులో ఉండగానే ఆ లేఖ ఢిల్లీ చేరాలి.