రెండు బంధాలు... ఒక ప్రాణం

ఈమధ్య మా దొడ్డమ్మకి నోరంతా పూసింది. అన్నం ముద్ద పెట్టుకుంటే మంట. మంచినీళ్లు తాగినా మంటే! 'వేడి చేసిందేమో, మజ్జిగ తాగు' అన్నారు ఇంట్లోవాళ్లు. తగ్గక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు ఒకే ప్రశ్న వేశారు.

''కీళ్లవాతం మాత్ర వారానికి ఒక్కసారేనా వేసుకుంటున్నారు?''

''లేదండీ. నొప్పులెక్కువయ్యాయని అయిదు రోజుల్నుంచీ రోజూ వేసుకుంటున్నా'' అంది దొడ్డమ్మ అమాయకంగా.

ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. వెంటనే రక్తపరీక్ష, ఆ వెనకే ఇంజక్షన్లు. వారం తిరిగేసరికి మనిషి తేరుకుంది. అంత చిన్న మాత్ర ఇంత పని ఎలా చేసిందని అడిగితే, డాక్టరుగారు కాగితం మీద తేనెపట్టు గదుల్లా ఒకదాన్నొకటి అంటుకున్న రెండు వలయాలు గీశారు.

బెంజీన్ వలయంలో అన్నీ కార్బన్ పరమాణువులే. వాటి మధ్యలో నత్రజనిలాంటి మరో పరమాణువు చేరితే అది హెటెరోసైక్లిక్ సమ్మేళనం. ఫోలిక్ ఆమ్లానికి తలలాంటి భాగం అదే. రెండు వలయాలు, వాటిలో నాలుగు నత్రజనులు, కొన్ని ద్విబంధాలు. అయితే ఫోలిక్ ఆమ్లం ఉన్నదున్నట్టుగా ఒంటికి పనికిరాదు. రెండో వలయంలోని రెండు ద్విబంధాలకు హైడ్రోజన్ చేర్చాలి. ఆ పని చేసేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము.

దాని నేర్పు చూడండి! పక్క వలయం జోలికే వెళ్లదు. ముందు ఒక బంధం, తర్వాత రెండోది. హైడ్రోజన్‌ని కూడా ఒకే వైపునుంచి అందిస్తుంది. ఇదే పని ప్రయోగశాలలో మామూలు లోహ ఉత్ప్రేరకంతో చేస్తే రెండు రూపాలు కలగలిసి వస్తాయి. ఒంటికి పనికొచ్చేది వాటిలో ఒకటే! ఇలా ఏరికోరి జరిగే చర్యలనే రసాయన శాస్త్రవేత్తలు సెలెక్టివ్ చర్యలంటారు.

ఆ హైడ్రోజన్లు చేరిన ఫోలేట్ ఉంటేనే కణం డీఎన్ఏకి కావలసిన థైమిన్‌ను తయారు చేసుకోగలదు. తయారైన ప్రతిసారీ ఫోలేట్ ఒక మెట్టు కిందకి దిగుతుంది. ఎంజైము మళ్లీ పైకెక్కించాలి. మెథోట్రెక్సేట్ చూడ్డానికి అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, ఆ ఎంజైమును గట్టిగా పట్టుకుని వదలదు. దాంతో వేగంగా పెరిగే కణాలు ముందు దెబ్బతింటాయి. క్యాన్సర్ కణాలైతే మంచిదే. కానీ ఎముక మజ్జ, నోటి లోపలి పొర కూడా అలా పెరిగేవే. దొడ్డమ్మ నోరు పూసింది అందుకే!

ఈ కథలో మన తెలుగువాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన సోదరులిద్దర్ని పొట్టనపెట్టుకుంది. అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందు! తర్వాత అదే అణువులో కొద్దిపాటి మార్పుతో అమినోప్టెరిన్‌ను తయారు చేశారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ పిల్లలకు మందన్నదే లేదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడే. పిల్లల రక్తక్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు.

మరి దొడ్డమ్మకి ఇచ్చిన ఇంజక్షన్? అది ఫోలినిక్ ఆమ్లం. మామూలు ఫోలిక్ ఆమ్లం ఎంత ఇచ్చినా ఆ మూతపడ్డ ఎంజైము గుండానే వెళ్లాలి. ఫోలినిక్ ఆమ్లంలో ఆ రెండు బంధాలకూ హైడ్రోజన్లు ముందే చేరి ఉంటాయి. ఎంజైముతో పనిలేదు. రెండు బంధాల తేడా... ఒక నిండు ప్రాణం!

కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో ఈ మాత్ర వాడేవారు మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఈ జబ్బులకు వారానికి ఒక్కరోజే. ఆ రోజేదో చీటీ మీద రాయించుకోండి. నొప్పి ఎక్కువైందని మీ అంతట మీరు పెంచకండి. నోరు పూసినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పండి.

డాక్టరుగారు మళ్లీ మొదలుపెట్టమన్నాక, దొడ్డమ్మ క్యాలెండర్లో బుధవారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేసింది. 'ఎందుకైనా మంచిది, నువ్వు కూడా ఫోన్ చేస్తూండు' అంది. ప్రతి బుధవారం చేస్తున్నాను.