అడిగితే వచ్చిన ఉప్మా



పోయిన నెల పని పడి విజయవాడ నుంచి ఢిల్లీకి విమానంలో పోయొచ్చాను. "రెండున్నర గంటల్లో దిగిపోతావు" అన్నారు అందరూ. నిజమే, గాల్లో అంతే. నేల మీదే ఏడు గంటలు పట్టింది.

మొదట చేతి సంచి కాటా. 7 కిలోలు దాటకూడదంట. నాది 800 గ్రాములు ఎక్కువ తూగింది. యార్డులో టిక్కీకి కిలో తరుగు తీసినా కిక్కురుమనని నేను, ఆ 800 గ్రాముల కోసం బతిమాలాను. వినలేదు. సంచిలో ఉన్న రెండు చొక్కాలూ తీసి, వేసుకున్న చొక్కా మీదే తొడుక్కున్నా. మనిషిని ఎవరూ తూయరు కదా!

తర్వాత తనిఖీ. బెల్టు తీసినా యంత్రం కుయ్యిమంది. చూస్తే మొలతాడుకున్న వెండి బిళ్ళ! అది చూపించడానికి పడ్డ అవస్థ ఇక్కడ రాయలేను. ఈలోపు సంచిలో కారప్పొడి దొరికింది. చేతి సంచిలో కారం నిషేధం, ఎవరి కళ్లలోనైనా కొడతామని భయమంట. యార్డులో "రంగు లేదు, తాలు" అని పక్కకు నెట్టే మన మిర్చికి అక్కడ కత్తితో సమానంగా మర్యాద! మీరు వెళ్లేటప్పుడు కారాన్ని ముందే కౌంటర్లో అప్పగించే పెట్టెలో వేయండి.

ఇదంతా అయ్యాక విమానం మూడున్నర గంటలు లేటన్నారు. టీ తాగుదామంటే 180 రూపాయలు. నోరు కట్టుకుని కూర్చున్నా. పక్కనున్న కుర్రాడు చెప్పాడు: "బాబాయ్, రెండున్నర గంటల లోపు ప్రయాణానికి 2 గంటలు లేటయితే తిండి వాళ్లే పెట్టాలి. 6 గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. డీజీసీఏ రూలు." పది మందిమి పోయి అడిగాం. అప్పటిదాకా పలకని వాళ్లు ఉప్మా పొట్లాలు తెచ్చారు. చల్లారిపోయింది, ఉప్పు కూడా లేదు. అయినా మా ఇంటి ఉప్మా కన్నా ఇష్టంగా తిన్నాను.

అప్పుడే నాకు మన యార్డు గుర్తొచ్చింది. టిక్కీలు దించి, కాటా ఎప్పుడేస్తారో తెలియక, మబ్బు చూసి పట్టాల కోసం పరిగెత్తుతూ రెండు రాత్రుళ్లు పడుకున్న వాళ్లం మనం. ఎవరైనా మజ్జిగ ఇచ్చారా? ఎందుకు ఆలస్యమో చెప్పారా?

నా మాట ఒక్కటే. విమానం ఎక్కేవాడి మూడు గంటలకు లెక్క ఉన్నప్పుడు, పంట తెచ్చినవాడి మూడు రోజులకూ లెక్క ఉండాలి. పొద్దున దించిన సరుకు సాయంత్రానికి కాటా కాకపోతే పట్టాలు, భోజనం యార్డే ఇవ్వాలని కాగితం మీద రాయించుకుందాం. ఒక్కడే అడిగితే విసుక్కుంటారు. పది మందిమి పోతే ఉప్మా అయినా వస్తుంది.

ఏమంటారు?