వేడి చేయడం కాదు – అది బ్లేడు చేసిన గాయం!

చంకలలోనో, కాళ్ళమీదనో, మర్మస్థానాలలోనో రోమాలు గీసుకున్న మరునాడు చర్మం ఎర్రబడి మంట పుట్టడం, రెండు మూడు రోజులకు దురదతో కూడిన పొక్కులు లేవడం అనేకమందికి అనుభవంలో ఉన్న బాధ. అయితే దీనిని గురించి ఇంట్లో ఎవరూ ఎవరితోను చెప్పుకోరు. తప్పనిసరిగా చెప్పవలసి వస్తే "ఒంట్లో వేడి చేసింది" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట వినగానే పెద్దవారు సబ్జాగింజల నీళ్ళో, బార్లీ నీళ్ళో, పలుచని మజ్జిగో ఇస్తారు. అవి మంచి పానీయాలే, కాదనము. కాని వాటివలన పొక్కులు తగ్గవు. పక్షం తిరిగేసరికి మళ్ళీ అదే బ్లేడు, మళ్ళీ అదే మంట. నా అభిప్రాయంలో ఈ బాధకు సగం కారణం బ్లేడైతే, తక్కిన సగం మన మొగమాటం.

రోమాలు తీసుకోవడం నేటి నాగరికత తెచ్చిపెట్టిన వింత అలవాటు అని కొందరు పెద్దలు విసుక్కుంటారు. అది సరికాదు. చరక సంహిత సూత్రస్థానంలో సద్వృత్తాన్ని బోధించే ఎనిమిదవ అధ్యాయం, పక్షానికి మూడుసార్లు తలవెంట్రుకలు, గడ్డం, గోళ్ళతోపాటు ఒంటిమీది రోమాలను కూడా తీయించుకోవాలని చెప్పింది. వెంట్రుకలు కమ్ముకొని మానని వ్రణానికి చుట్టూ ఉన్న రోమాలను కత్తితోగాని, కత్తెరతోగాని, పట్టుకారుతోగాని తొలగించాలని సుశ్రుతుడు చికిత్సాస్థానంలో విధించాడు. కావున ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అట్లని ఇది అందరికీ విధిగా చేయవలసిన పనీ కాదు. రోమం మాలిన్యం కాదు. రోజూ స్నానం చేసి, చెమట పట్టిన బట్టలు మార్చుకొనేవారికి రోమాలు ఉన్నంతమాత్రాన అశుభ్రత కలగదు. తీసుకోవడం, తీసుకోకపోవడం ఎవరి ఇష్టం వారిది. తీసుకొనేవారు పద్ధతి తెలిసి తీసుకోవాలన్నదే నా మనవి.

ఇంతకూ మంట ఎందుకు పుడుతుంది? బ్లేడు రోమంతోపాటు చర్మం పైపొరను కూడా గీసివేస్తుంది. కంటికి కనబడనంత సన్నని గాట్లు పడతాయి. వాటిలోకి చెమట, సబ్బు, సెంటు చేరితే మంట. సూక్ష్మక్రిములు చేరితే రోమకూపం వాచి చీముపొక్కు. ఇక మూడవది, చాలమంది గుర్తించనిది. చర్మాన్ని లాగిపట్టి, రోమం మొలిచిన దిశకు ఎదురుగా గీసినప్పుడు వెంట్రుక చర్మం అంచుకన్న లోపలికి తెగుతుంది. మళ్ళీ పెరిగేటప్పుడు దాని వాడిమొన వంపు తిరిగి చర్మంలోకే గుచ్చుకొంటుంది. ఉంగరాల వెంట్రుకలు గలవారికి ఈ బాధ ఎక్కువ. ఒకే రేజరులో మూడు నాలుగు బ్లేడులు అమర్చిన సాధనాలు మరింత నున్నగా గీస్తాయి గనుక ఈ ప్రమాదాన్ని పెంచుతాయి కూడా.

శస్త్రచికిత్సకు ముందు రోగి ఒంటిమీది రోమాలను బ్లేడుతో గీయడం ఒకప్పుడు ఆసుపత్రులలో పరిపాటి. శుభ్రత కొరకు చేసిన ఆ పనే గాయాలు చీముపట్టడానికి దోహదం చేస్తున్నదని తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దని, రోమాలు తీయక తప్పనప్పుడు క్లిప్పరుతో మాత్రమే కత్తిరించాలని గట్టిగా సూచించింది. వైద్యులే విడువవలసిన బ్లేడును మనం ఎంత జాగ్రత్తగా వాడాలో పాఠకులే ఆలోచించాలి.

నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం, ఆయుర్వేదం చెప్పిన మొట్టమొదటి చికిత్స. ఈ బాధ విషయంలో ఏ లేపనంకన్న ఇదే ముఖ్యం. రోమాలు తీసుకొనే పని స్నానం చివరలో, గోరువెచ్చని నీటితో చర్మం మెత్తబడిన తరువాత పెట్టుకోవాలి. పొడవుగా ఉన్నవాటిని ముందు కత్తెరతో కురచ చేయాలి. సబ్బునురుగో, షేవింగ్ క్రీమో దట్టంగా పట్టించి, రోమం మొలిచిన దిశలోనే, చర్మాన్ని లాగకుండా, తేలికచేతితో గీయాలి. గీత గీతకూ బ్లేడును కడగాలి. గీసినచోటనే పదేపదే గీయరాదు. బ్లేడును ఐదారుసార్లకు మించి వాడరాదు. మొద్దుబారితే అంతకుముందే పారవేయాలి. రేజరును తడి స్నానాలగదిలో వదలక ఆరబెట్టి ఉంచాలి. పని ముగిశాక చన్నీళ్ళతో కడిగి, మెత్తని బట్టతో అద్దుకోవాలేగాని రుద్దరాదు. ఆ రోజంతా వదులైన నూలుబట్టలు ధరించి, సెంటు, పౌడరు దూరంగా ఉంచడం మంచిది. మాటిమాటికీ పొక్కులు లేచేవారు నున్నదనంమీద మోజు వదలి, ట్రిమ్మరుతో కురచగా కత్తిరించుకోవడం ఉత్తమం.

"బ్లేడు తగిలితే వెంట్రుకలు మరింత దట్టంగా మొలుస్తాయి" అన్న భయంతో చర్మాన్ని మొదలంటా గీసేవారున్నారు. ఈ భయం నిరాధారమని 1928లోనే అమెరికా శాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ పరీక్షించి చెప్పింది. తెగిన కొస మొద్దుగా ఉండడంవలన గరుకుగా తోస్తుందే తప్ప, రోమం లావెక్కదు.

ఇక గృహవైద్యం. మన వంటింటి వస్తువులమీద నాకు గౌరవం ఉన్నది. ఆ గౌరవంతోనే కొన్నింటిని ఇక్కడ వాడవద్దంటున్నాను. నిమ్మరసం తీవ్రమైన ఆమ్లం. గాట్లుపడిన చర్మానికి పూసి ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లని మచ్చలు రావచ్చు. పటిక గడ్డం గీసినప్పుడు పడిన చిన్న గాటు రక్తాన్ని ఆపుతుందన్నమాట నిజమే. చంకలలో, మర్మస్థానాలలో రుద్దితే మంట హెచ్చుతుంది. సున్నిపిండి నలుగు ముందురోజు పెట్టుకోవాలిగాని, గీసిన చర్మంపై రుద్దరాదు. హరితాళం కలిసిన రోమనాశక లేపనాలు ప్రాచీన గ్రంథాలలో ఉన్నవి. హరితాళంలో ఉన్నది పాషాణమే గనుక ఇంట్లో వాటిని తయారుచేసే సాహసం ఎవరూ చేయరాదు.

మేలు చేసేవి సాదావి. మంట పుట్టినచోట చన్నీటిలో తడిపి పిండిన శుభ్రమైన బట్టను పది నిమిషాలు వేసి ఉంచాలి. ఆపైన కలబంద గుజ్జు పూయవచ్చు. మట్టను కోయగానే కారే పసుపుపచ్చని జిగురును పూర్తిగా కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జునే తీసుకోవాలి. ఆ జిగురు దురద పుట్టిస్తుంది. కాళ్ళు, చేతులు పొడిబారితే స్వచ్ఛమైన కొబ్బరినూనె పలుచగా రాయాలి. చీముపొక్కులున్నచోట మాత్రం నూనె వద్దు. ఏ వస్తువునైనా మొదట ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకరోజు చూడాలి. వెంట్రుక లోపలికి దూరి గడ్డకట్టినచోట రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని తడిబట్ట కాపడం పెట్టాలి. పిన్నీసుతో గుచ్చడం, గోళ్ళతో చిదమడం కూడనిపని. చర్మం పూర్తిగా మానేవరకు బ్లేడు ముట్టరాదు.

మందులషాపులో అడిగి తెచ్చుకొనే ట్యూబుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో పెక్కింట శక్తివంతమైన స్టిరాయిడ్లుంటాయి. రెండు రోజుల్లో ఎరుపు పోయినట్లే ఉంటుంది. వాడగా వాడగా చర్మం పలుచబడుతుంది, తామర ఉంటే విజృంభిస్తుంది. మధుమేహం ఉన్నవారు, జ్వరం వచ్చినవారు, ఎరుపు నానాటికీ వ్యాపిస్తున్నవారు, పెద్ద సెగగడ్డ లేచినవారు గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

చివరగా ఇంటి పెద్దలకు ఒక మాట. మనలో ఎన్ని ఇళ్ళలో కూతురు తండ్రి రేజరునో, అన్న రేజరునో రహస్యంగా వాడుకొని యథాస్థానంలో పెట్టడంలేదు? అడిగితే ఏమనుకుంటారోనన్న భయమే ఇందుకు కారణం. హెపటైటిస్-బి క్రిమి శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. ఒకరి బ్లేడును మరొకరు వాడడం ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. పళ్ళుతోముకొనే బ్రష్షు ఎవరిది వారికి ఉన్నట్లే రేజరు కూడా ఎవరిది వారికి ఉండాలి. నెలసరిని గురించి కూతురికి చెప్పే తల్లి, మీసం మొలిచిన కొడుకుకు గడ్డం గీసుకోవడం నేర్పే తండ్రి, ఈ నాలుగు మాటలు కూడా కలిపి చెబితే చాలు. ఒక రేజరు ఖరీదు స్వల్పం. మాట్లాడకపోవడానికి పిల్లలు చెల్లించే మూల్యం దానికన్న చాల ఎక్కువ.