తండా లెక్క తప్పు గడిలో పడితే

తెలుగు వికీపీడియాల ఉన్న మన ఊర్ల పేజీల గురించి ఈ పోస్టు. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

2003 డిసెంబర్‌లో మొదలైన తెవికీలో నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఊర్లకు పేజీలున్నయి. చాలావాటిలో లెక్కలు 2011 జనగణనవి: ఇళ్లు, మగ, ఆడ, ఎస్సీ, ఎస్టీ. మన తండాలు ఎక్కువ శాతం రెవెన్యూ గ్రామాలు కావు, అందుకే పెద్ద ఊరి లెక్కలోనే కలిసిపోయినయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలైనా, ఆ పాత లెక్కల్లో మన జాడ దొరికేది ఎస్టీ అనే ఒక్క గడిలోనే.

"పట్టిక గీతలు సరిచేసుడు కూడా ఒక పనేనా?" అని మనోళ్లే కొందరు నవ్వుతరు. పనే అని మేమంటాం. వికీ పట్టికలో ఒక్కో గడి ఒక్కో నిలువు గీతతో మొదలైతది. ముందున్న ఒక అంకె దొరకలేదని ఎవరన్నా ఆ గీతను కూడా వదిలేస్తే, ఆ వరుసలో తర్వాతివన్నీ ఒక గడి ఎడమకు జరుగుతయి. ఎస్టీ సంఖ్య ఎస్సీ కింద కూసుంటది, ఎస్టీ గడి ఖాళీగ కనిపిస్తది. అంకె సరైందే, చోటే తప్పు. డిగ్రీ ప్రాజెక్టుకో, కలెక్టరేట్‌ల ఇచ్చే వినతిపత్రానికో ఫోన్ల చూసి ఎక్కించుకునేటోళ్లకు ఆ తేడా ఎట్ల తెలుస్తది? అంకె లేకున్నా గీత ఉండాలె.

అంకెలను కుడివైపుకు జరపాలె, అప్పుడే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడుతయి. దీనికి 'మూలపాఠ్యాన్ని సవరించు' నొక్కి లోపలికి పోవాలె. వరుస మొదలుపెట్టే గీత పక్కన స్టైల్‌లో 'టెక్స్ట్ అలైన్ రైట్' అని ఒక్కసారి రాస్తే వరుసంతా కుడికి పోతది. ఊరి పేరున్న గడికి మాత్రం 'లెఫ్ట్' అని వేరుగ ఇయ్యాలె. పాత పేజీల్లో పట్టికకే 'అలైన్ రైట్' అని రాసి పెట్టిన్రు. అందుకే పట్టిక కుడికి పోయి, పక్కనున్న వ్యాసం దాని అంచుకు అతుక్కుంటది. దాన్ని తీసేసి స్టైల్‌లో 'ఫ్లోట్ రైట్', 'మార్జిన్ లెఫ్ట్ 1 ఈఎమ్' రాస్తే మధ్యల జాగా వస్తది. వెడల్పు 800 పిక్సెల్‌లని బిగించి ఉంటే అదీ తీసెయ్యండి. మన దగ్గర చదివేటోళ్ల చేతిల ఉండేది ఫోనే కదా. రంగులు పండుగకు బాగుంటయి, పట్టికకు మాత్రం వద్దు.

గడులు సరిచేసే పనిల అంకెల జోలికి పోవద్దు. అనుమానం వస్తే పేజీ 'చరిత్ర'ల పాత రూపం చూసి, జనగణన పట్టికతో పోల్చుకోవాలె. ముందు 'ప్రయోగశాల'ల చేతిని అలవాటు చేసుకొని, 'మునుజూపు' చూసినంకనే ప్రచురించండి.

దేవరకొండ, చందంపేట వైపు పేజీలు అక్కడి పిల్లలు పట్టుకుంటే మంచిది. అచ్చంపేట, అమ్రాబాద్ 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాకు పోయినయి, అక్కడ జిల్లా పేరున్న గడి కూడా ఒకసారి చూడండి. దిద్దుబాటు సారాంశంల 'పట్టిక గడుల సవరణ' అని రాస్తే చాలు, వెనక వచ్చేటోళ్లకు అర్థమైతది.